తడిసిన గింజ - మూగజీవి ఫిర్యాదు

వానాకాలం సాయంత్రాల్లో చిక్కడపల్లి నుంచి నారాయణగూడ వైపు నడిచే వారికి బొగ్గుల మీద కాలే మొక్కజొన్న కంకుల వాసన సుపరిచితమే. బండి దగ్గర నిలబడి మనం కంకిని అటూ ఇటూ తిప్పి చూస్తాం. గింజ లేతగా ఉందా, పురుగు పట్టిందా, ఎక్కడైనా బూజు కనిపిస్తోందా అని పరీక్షిస్తాం. బాగోలేకపోతే పక్కన పెట్టి మరొకటి ఏరుకుంటాం. డబ్బిచ్చి కొనేవాడిగా అది మన హక్కు.

మనం పక్కన పెట్టిన ఆ కంకి ఏమవుతుంది? బండి సర్దుకునే వేళకు అది రోడ్డు మీద తిరిగే ఆవు ముందు పడుతుంది. ఇళ్లలోనూ జరిగేది ఇదే. నాలుగు రోజుల నాటి రొట్టెల మీద పచ్చటి చుక్కలు కనిపించగానే ఇల్లాలు వాటిని మూటగట్టి, గుమ్మం ముందుకు వచ్చిన ఆవుకో, బక్రీద్ కోసం తెచ్చి మేడమీద కట్టేసిన మేకపోతుకో పెడుతుంది. అన్నం పారేయడం పాపమన్న భయం ఆమెది. ఒక మూగజీవి కడుపు నింపితే పుణ్యం దక్కుతుందన్న ఆశ ఆమెది. రెండూ మంచి భావాలే. కాని ఒక్క క్షణం ఆగి మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఒకటుంది: మనం తినడానికి భయపడిన దాన్ని మరో ప్రాణి నోటికి అందించే అధికారం మనకెవరిచ్చారు?

ఇది చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని పొలంలో చల్లే కలుపుమందు, గోదాములో ముక్కిపోయే దాణా, పాడిపశువు గర్భసంచి, మన పిల్లల చేతిలోని పాలగ్లాసు - ఇవన్నీ ఈ ప్రశ్నతోనే ముడిపడి ఉన్నాయి.

ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి

హజ్రత్ అబూహురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. మహాప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ఒక ధాన్యపు రాశి పక్కగా వెళుతూ అందులో చేయి పెట్టారు. పైన గింజలు పొడిగా ఉన్నాయి గాని లోపల ఆయన వేళ్లకు తడి తగిలింది. ఇదేమిటని వ్యాపారిని అడిగారు. వాన పడి తడిసిందని అతను చెప్పాడు. అలాగైతే ప్రజలకు కనిపించేలా తడిసిన గింజలు పైనే ఉంచవచ్చు కదా అని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని హెచ్చరించారు.

ఈ హదీసును మనం ఎన్నోసార్లు విన్నాం. వ్యాపారంలో నిజాయితీ గురించి చెప్పేటప్పుడు ఖతీబులు దీన్ని తప్పక ప్రస్తావిస్తారు. కాని ఇందులోని ఒక సూక్ష్మాన్ని గమనించండి. వాన కురిపించేవాడు అల్లాహ్. ధాన్యం తడవడం ఆ వ్యాపారి నేరం కాదు. అందుకని ఎవరూ అతన్ని నిందించలేదు. తడిని అడుగున దాచి, పొడిని పైన పరచడమే అతని నేరం.

నేటి వ్యాపారికి ఆ మాత్రం శ్రమ కూడా అక్కర్లేదు. మన తెలంగాణలో మక్కలు కోతకు వచ్చే రోజుల్లోనే వానలు పడడం, కల్లాల్లోనూ మార్కెట్ యార్డుల్లోనూ ఆరబోసిన ధాన్యం తడిసి ముద్ద కావడం తరచూ చూస్తున్నదే. మొక్కజొన్న నిల్వకు పనికి రావాలంటే తేమ 14 శాతానికి మించకూడదు. తేమ పోని గింజ గోనెసంచిలో వేడెక్కుతుంది, నల్లబడుతుంది, గులాబీ రంగు బూజు తొడుగుతుంది. మనుషులు కొనరు. అప్పుడు దాని పేరు మారుతుంది. నిన్నటి దాకా ధాన్యం, నేడు దాణా! దాణా తినే ప్రాణి రాశిలో చేయి పెట్టి చూడలేదు. వ్యాపారిని నిలదీయలేదు. ఆకలేస్తే పెట్టింది తింటుంది, అంతే.

శరీరంలోని తాళం

ఆ బూజు పశువు ఒంట్లోకి పోయి ఏం చేస్తుందో తెలియాలంటే ముందుగా ప్రభువు ఆ ఒంట్లో చేసిన ఏర్పాటు తెలియాలి. ప్రతి వస్తువునూ ఒక కొలత ప్రకారం సృష్టించినట్లు దివ్యఖుర్ఆన్ చెబుతోంది (ఖమర్: 49). ఆ కొలతకు మన కళ్లెదుటి నిదర్శనం ఇది.

ఆడ పశువు ఎదకు రావడం, చూలు కట్టడం, పొదుగు ఎదగడం - ఇవన్నీ ఒక క్రమంలో జరగడానికి ఈస్ట్రోజెన్ అనే హార్మోను అవసరం. అండాశయంలో అతి స్వల్పంగా తయారై అది రక్తంతో పాటు ఒళ్లంతా తిరుగుతుంది. అయితే అన్ని చోట్లా పనిచేయదు. గర్భసంచి, పొదుగు, ఎముక, మెదడు వంటి భాగాల కణాల్లో దానికోసమే అమర్చిన ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉంటాయి. వీటిని ఈస్ట్రోజెన్ గ్రాహకాలు అంటారు. గ్రాహకం తాళమైతే హార్మోను తాళంచెవి. చెవి అమరగానే తాళం తెరుచుకుంటుంది. పెరగమనో, విభజన చెందమనో ఆ కణానికి ఆజ్ఞ అందుతుంది. పని కాగానే హార్మోను తగ్గుతుంది, తాళం మూతపడుతుంది. ఆవులో, గేదెలో సుమారు 21 రోజులకోసారి ఈ తాళం తెరుచుకోవడం, మూసుకోవడం జరుగుతూ ఉంటుంది. మగ పశువులోనూ ఈ హార్మోను కొద్దిగా ఉంటుంది, దానికీ కొన్ని పనులు అప్పగించబడి ఉన్నాయి.

కప్ప, చేప, పక్షి, గొర్రె, గేదె, మనిషి - వీటన్నింటిలో ఈ తాళం నిర్మాణం చాలావరకు ఒకే తీరున ఉంటుంది. భూమిపై నడిచే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మీలాంటి సముదాయాలేనని అన్ఆమ్ సూరా (38) చెప్పిన మాటను ఇది మనకు మరోసారి గుర్తు చేయడం లేదా?

తాళానికి తెలిసేది తాళంచెవి పళ్ల వరుస మాత్రమే. దాన్ని పట్టుకున్న చేయి ఇంటి యజమానిదా, దొంగదా అన్నది దానికి తెలియదు. ఈస్ట్రోజెన్‌ను పోలిన మరో పదార్థం ఒంట్లోకి వస్తే తాళం దానికీ తెరుచుకుంటుంది. వేళ కాని వేళ ఆజ్ఞలు వెలువడతాయి. బూజు విషాల్లో ఒకటి చేసే పని సరిగ్గా ఇదే.

బూజు ఇచ్చిన సాక్ష్యం

1928లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పశువైద్యులు ఒక వింతను నమోదు చేశారు. బూజుపట్టిన మొక్కజొన్న తిన్న ఆడ పందుల జననాంగాలు వాచిపోయాయి. ఈడు రాని పిల్లలు సైతం ఎదకు వచ్చినట్లు కనిపించాయి. పంది మాంసం మనకు నిషిద్ధమే. అయినా అదీ అల్లాహ్ సృష్టించిన ప్రాణే. దానికీ నొప్పి ఉంటుంది. అది పడిన బాధ వల్లనే మనిషికి ఈ సంగతి తెలిసింది. ఫ్యుజేరియం జాతి బూజు తయారుచేసే ఆ పదార్థాన్ని 1962లో శాస్త్రజ్ఞులు వేరు చేయగలిగారు. దాని పేరు జియరలెనోన్. మొక్కజొన్న శాస్త్రీయ నామమైన 'జియా' నుంచే ఆ పేరు వచ్చింది.

జియరలెనోన్ ఈస్ట్రోజెన్ గ్రాహకంలో దొంగ తాళంచెవిలా అమరిపోతుంది. అందరికంటే ఎక్కువ నష్టపోయేవి పందులు. కోళ్లు చాలావరకు తట్టుకుంటాయి. నెమరువేసే పశువుల పొట్టలో అది రూపాలు మారుతుంది. ఆ రూపాల్లో ఒకటి అసలు దానికన్నా బలంగా గ్రాహకాన్ని పట్టుకుంటుంది. మామూలు వంట వేడికి, దాణా ఉడకబెట్టే వేడికి ఇది నశించదు. బూజును దులిపేసినంత మాత్రాన విషం పోదు, ఎందుకంటే అది అప్పటికే గింజలోకి ఇంకి ఉంటుంది. గొర్రెల మందలు చూలు కట్టకపోవడానికి పచ్చికలోని ఈ బూజు విషం కారణమవుతున్నదని న్యూజిలాండ్ పరిశోధకులు గుర్తించారు. అంతకుముందు 1940 దశకంలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు ఈనకుండా పోయాయి. అక్కడ బూజు కాదు, ఆ గడ్డిలోనే ఈస్ట్రోజెన్‌ను పోలిన పదార్థం ఉంది.

ఇప్పుడు మన పాడిరైతు ఇంటికి వద్దాం. గేదె మాటిమాటికీ ఎదకు వస్తుంది. చూలు నిలవదు. దీనికి ఖనిజ లవణాల లోపం, గర్భసంచి జబ్బులు వంటి కారణాలు ఎన్నో ఉంటాయి. ప్రతిదాన్నీ బూజు మీదికి నెట్టడం న్యాయం కాదు. కాని ఆ కారణాల్లో ముక్కిపోయిన దాణా కూడా ఒకటి కావచ్చునన్న ఆలోచన మనకు వస్తోందా? రాదు. రెండు మూడు సార్లు చూసి దానికి గొడ్డుబోతు అని పేరు పెడతాం, కటికవానికి అమ్మేస్తాం. సంతానం లేకపోతే విచారించకుండానే ఇల్లాలి మీద నింద వేసే అలవాటున్న సమాజం కదా మనది! తొట్టిలో విషం పోసింది మనం, శిక్ష పడింది పశువుకు. రేపు ప్రళయదినాన కొమ్ములేని గొర్రెకు కొమ్ములున్న గొర్రె నుంచి సైతం న్యాయం ఇప్పించబడుతుందని హదీసు (ముస్లిం) చెబుతోంది. గొర్రెకూ గొర్రెకూ మధ్యనే అంతటి లెక్క ఉన్నప్పుడు, గొర్రెకూ మనిషికీ మధ్య లెక్క ఉండదా?

కలుపుమందు, కప్ప

బూజు ప్రకృతిలో పుట్టింది. కలుపుమందు మనిషి చేతుల్లో పుట్టింది. మొక్కజొన్న వేసే రైతు విత్తిన ఒకటి రెండు రోజుల్లోనే అట్రజిన్ పిచికారీ చేయడం మన ప్రాంతంలో మామూలే. కలుపు తీసే కూలీలు దొరకక, దొరికినా కూలి గిట్టక అతను ఆ డబ్బా కొంటున్నాడు. అతన్ని ద్రోహి అనలేం. అయితే ఆ మందు కలుపు దగ్గరే ఆగిపోదు. వాన నీటితో కలిసి కుంటలోకి, భూగర్భంలోకి చేరుతుంది.

అట్రజిన్ పనిచేసే తీరు బూజు విషం లాంటిది కాదు. అది స్వయంగా తాళంలో దూరదు. ఒంట్లో పురుష హార్మోనును ఈస్ట్రోజెన్‌గా మార్చే అరోమటేజ్ అనే ఎంజైము ఒకటుంది. ఆ ఎంజైము పనిని అట్రజిన్ పెంచుతుందని ప్రయోగశాలల్లో తేలింది. అంటే ఇది దొంగ తాళంచెవి తేదు. ఇంట్లోనే తాళంచెవులు లెక్కకు మించి తయారయ్యేలా చేస్తుంది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన టైరోన్ హేస్ బృందం 2002లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నీటిలో వందకోట్ల పాళ్లలో 0.1 పాలు అట్రజిన్ ఉన్నా మగ కప్పల్లో ఆడ లక్షణాలు కనిపించాయి. 2010లో అదే బృందం మరో పరిశోధన వెలువరించింది. 2.5 పాళ్లున్న నీటిలో పెరిగిన మగ కప్పల్లో పదోవంతు పూర్తిగా ఆడవిగా మారి గుడ్లు సైతం పెట్టాయని అందులో పేర్కొంది.

0.1 పాలు అంటే ఎంత? పదివేల లీటర్లు పట్టే నీళ్ల ట్యాంకర్లను మనం వేసవిలో వీధివీధినా చూస్తుంటాం. అలాంటి వెయ్యి ట్యాంకర్ల నీటిలో ఒక్క గ్రాము కలిపితే వచ్చేంత! మంచినీటిలో ఏ పురుగుమందూ ఈ మోతాదుకు మించరాదని యూరోపియన్ యూనియన్ నియమం. భూగర్భ జలాలను ఆ హద్దులో ఉంచడం సాధ్యం కాదని 2004లో అక్కడ అట్రజిన్‌కు అనుమతి నిరాకరించారు. అమెరికా మాత్రం తాగునీటిలో 3 పాళ్ల దాకా అనుమతించింది. మన కేంద్ర ప్రభుత్వం 2020లో 27 పురుగుమందుల నిషేధానికి ముసాయిదా ప్రకటించినప్పుడు ఆ జాబితాలో అట్రజిన్ కూడా ఉంది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. హేస్ ఫలితాలను శాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోలేదు. తయారీదారు నిధులతో జరిగిన పెద్ద ప్రయోగాల్లో ఆ మార్పులు కనిపించలేదు. కప్పల జననాంగాల ఎదుగుదలకు అట్రజిన్ వల్ల హాని జరగదని అమెరికా పర్యావరణ సంస్థ 2007లో నిర్ధారణకు వచ్చింది. తెలియని దాని వెంట పడవద్దని, చెవి, కన్ను, మనసు అన్నీ ప్రశ్నించబడతాయని బనీ ఇస్రాయీల్ సూరా (36) హెచ్చరిస్తోంది. కనుక రుజువు కాని దాన్ని రుజువైనట్లు చెప్పడం కూడా మోసమే.

మరి అనుమానం ఉన్నచోట విశ్వాసి ఏం చేయాలి? ధర్మసమ్మతమైనది స్పష్టం, నిషిద్ధమైనది స్పష్టం, ఆ రెంటి మధ్య చాలామందికి తెలియని అనుమానాస్పద విషయాలున్నాయని దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం). ఆ సందర్భంలో ఆయన చెప్పిన పోలిక కూడా పశువుల కాపరిదే. నిషేధించిన పచ్చిక బయలు అంచుల్లోనే మందను మేపేవాడు ఏదో ఒక క్షణాన లోపలికి పోయే ప్రమాదముంది. అంచు నుంచి దూరంగా మేపేవాడే తెలివైనవాడు. కలుపుమందు విషయంలో మనకు కావలసింది ఈ కాపరి జాగ్రత్తే. అధికారం చెలాయిస్తూ పంటలనూ సంతతినీ నాశనం చేసేవాణ్ణి బఖరా సూరా (205) ఖండిస్తుంది. పంట, సంతతి - ఈ రెండు మాటలూ ఒకేచోట రావడం గమనార్హం. పంటను కాపాడుకునే ఆత్రంలో మరో సముదాయపు సంతతిని ప్రమాదంలోకి నెట్టే హక్కు మనకు లేదు.

మేత నుంచి పాలలోకి

పశువుల కడుపులో పేడకూ రక్తానికీ మధ్య నుంచి స్వచ్ఛమైన, తాగేవారికి రుచికరమైన పాలను ఇవ్వడం దైవసూచనగా నహల్ సూరా (66) పేర్కొంటోంది. ఆ స్వచ్ఛత అల్లాహ్ అనుగ్రహం. దాన్ని పాడుచేసేది మన చేయి.

జియరలెనోన్ పాలలోకి చేరేది చాలా తక్కువ. కాని బూజు విషాలన్నీ ఒకే రకం కావు. వేరుశనగ చెక్కలో, మొక్కజొన్నలో పెరిగే మరో బూజు అఫ్లటాక్సిన్‌ను తయారుచేస్తుంది. ఇది ఈస్ట్రోజెన్ తాళం జోలికి పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. దాణాలో ఇది ఉంటే దాని రూపాంతరమైన అఫ్లటాక్సిన్ ఎం1 పాలలోకి వస్తుంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలను పరీక్షించింది. 5.7 శాతం నమూనాల్లో అఫ్లటాక్సిన్ ఎం1 పరిమితిని మించింది. నీళ్లు కలపడం, పొడి కలపడం గురించే భయపడుతున్న మనకు, అసలు ఇబ్బంది మేతలోనే ఉందని ఆ సర్వే తెలియజేసింది.

మరో ఉదంతం చూడండి. 1974లో రాజస్థాన్‌లోని బాన్‌స్వారా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల పల్లెల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. కారణాన్ని వెలికితీసిన వారిలో మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఉన్నారు. ఆ పల్లెల్లో మనుషులతో పాటు అదే తిండి తిన్న కుక్కలు కూడా కామెర్లతో, పొట్ట ఉబ్బి చచ్చిపోయాయి. మూగజీవుల చావును ఎవరూ హెచ్చరికగా తీసుకోలేదు.

పశువు తినేదానికీ మనం తాగే పాలకూ సంబంధముందన్న సంగతి ఇస్లాంకు కొత్త కాదు. మలినాలు తిని బతికే పశువును 'జల్లాలా' అంటారు. దాని మాంసం తినవద్దని, పాలు తాగవద్దని దైవప్రవక్త (స) వారించారు (అబూదావూద్, తిర్మిజీ). అలాంటి పశువును కట్టేసి, కొన్ని రోజులు శుభ్రమైన మేత పెట్టాక వాడుకోవచ్చని ధర్మపండితులు వివరించారు. హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) అలాంటి కోడిని మూడు రోజులు బంధించి ఉంచేవారట. బూజుపట్టిన దాణా తిన్న పశువు సరిగ్గా జల్లాలా అవుతుందని మేము తీర్పు చెప్పడం లేదు. అది పండితుల పని. కాని పశువు తొట్టె శుభ్రత మన ధర్మంలో భాగమన్న సంగతి దీని నుంచి తెలియడం లేదా?

మూడు సాకులు

ఈ విషయం మాట్లాడినప్పుడు మనకు మూడు సాకులు వినిపిస్తాయి.

మొదటిది: 'మాకు తెలియదు.' నిన్నటి దాకా ఇది సాకు కావచ్చు. తెలిశాక కాదు. తెలియకపోతే తెలిసినవారిని అడగమని దివ్యఖుర్ఆన్ (నహల్: 43) ఆదేశించింది. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, నీటి పరీక్షలు చేసే ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థ ఉంది. అశోక్‌నగర్ గదుల్లో, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షల కోసం మన పిల్లలు పగలూ రాత్రీ చదువుతున్నారు. పురుగుమందుల నిషేధాలు, అంతర్జాతీయ ఒప్పందాలు వారికి కంఠతా వచ్చు. రేపు వారే అధికారులవుతారు. కుర్చీలో కూర్చున్నాక ఆ జ్ఞానం మార్కుల కాగితంతోనే ఆగిపోతే, ఆ అమానత్‌కు వారు జవాబు చెప్పవలసి ఉంటుంది.

రెండోది: 'కొంచెమే కదా!' పాతకాలపు విషాలకు ఈ మాట కొంతవరకు చెల్లేది. హార్మోన్ల విషయంలో చెల్లదు. అల్లాహ్ వాటిని అతి కొంచెంతోనే పని జరిగేలా ఏర్పాటు చేశాడు. వాటిని అనుకరించేది కూడా కొంచెంతోనే కీడు చేయగలదు. త్రాసులో కొలత తప్పవద్దని రహ్మాన్ సూరా (8, 9) హెచ్చరిస్తోంది. అంగట్లోని త్రాసు మాత్రమే త్రాసు కాదు. జీవి ఒంట్లోనూ ఒక త్రాసు ఉంది.

మూడోది, అన్నింటికన్నా ప్రమాదకరమైనది: 'పశువే కదా!' ఇక్కడ ధర్మశాస్త్రం తెలిసిన పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి వారి బావి నీళ్లతో సహాబాలు పిండి తడిపినప్పుడు, దాన్ని తినవద్దని, ఒంటెలకు పెట్టమని దైవప్రవక్త (స) ఆదేశించారు కదా (బుఖారీ)? మనుషులు తినరానిది పశువులకు పెట్టవచ్చని దీని అర్థం కాదా? నిజమే, పండితులు దీన్నుంచి అలాంటి అనుమతిని గ్రహించారు. ఊక, తవుడు, చొప్ప, గంజి - మనం తిననివి పశువుకు పెట్టడంలో తప్పు లేదు. కాని ఆ పిండిలో విషం లేదు. అది దైవశిక్ష దిగిన స్థలపు నీరు కావడమే మనుషులకు అభ్యంతరం. ఒంటెలకు దానివల్ల ఏ హానీ లేదు. పనికిరానిదాన్ని పెట్టడం వేరు, హాని చేసేదాన్ని పెట్టడం వేరు. హాని కలిగించుకోరాదు, కలిగించరాదు అన్నది మన ధర్మశాస్త్ర మూలసూత్రం (ఇబ్నె మాజా). ఎముకలు తేలిన ఒంటెను చూసి, నోరులేని ఈ పశువుల విషయంలో అల్లాహ్‌కు భయపడమన్న ప్రవక్త (స) ఉపదేశం (అబూదావూద్) కూడా మన ముందుంది.

దానం గురించి బఖరా సూరా (267) చెప్పిన నియమాన్ని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. కళ్లు మూసుకుంటే తప్ప మీరు పుచ్చుకోని చెడ్డ వస్తువును ఏరి దైవమార్గంలో ఇవ్వకండి అన్నది దాని భావం. బూజుపట్టిన రొట్టెను పుణ్యం కోసం మేకకు పెట్టే మనం ఈ వాక్యాన్ని మళ్లీ చదువుకోవాలి. రొట్టె మీది బూజు, పొలంలోని ఫ్యుజేరియం ఒకటి కాకపోవచ్చు. కాని ఏ బూజులో ఏముందో మన కంటికి కనిపించదు. కుర్బానీ పశువు దోషం లేనిదై ఉండాలని కొమ్ములూ కాళ్లూ కళ్లూ చూసి తెస్తాం. తెచ్చాక దానికి పెట్టే తిండిలో దోషాన్ని ఎందుకు చూడం?

మరి మనమేం చేయాలి?

ఇంట్లో: రొట్టె మిగలకుండా లెక్కగా చేసుకోవడమే మొదటి మేలు. మిగిలితే అది చెడకముందే, అంటే ఆ పూటే ఆకలిగొన్న మనిషికో పశువుకో పెట్టాలి. బూజుపట్టాక పుణ్యం గుర్తుకు రావడం పుణ్యం కాదు. అప్పుడు దాన్ని మట్టిలో పూడ్చేయడమే న్యాయం.

పొలంలో: గింజను బాగా ఆరబెట్టి, నేల తేమ తగలకుండా నిల్వచేయాలి. కలుపుమందు అనివార్యమైతే చెప్పిన మోతాదు మించకూడదు. చెరువు, కుంట, బావి దగ్గర చల్లకూడదు. డబ్బాలు వాగులో కడగకూడదు. కూలి గిట్టని రైతును విమర్శించే ముందు, కూరగాయ మీద ఒక్క రూపాయి పెరిగితే బేరమాడే మన నాలుకను కూడా అదుపులో పెట్టుకోవాలి. అతన్ని ఆ డబ్బా వైపు నెట్టిన దాంట్లో మన వాటా కూడా ఉంది.

బజారులో: తడిసిన దాణాను తడిసినదని చెప్పి అమ్మడం కూడా ఇక్కడ సరిపోదు. కొనేవాడు యజమాని, తినేది పశువు. యజమాని ఒప్పుకున్నంత మాత్రాన పశువు ఒప్పుకున్నట్లు కాదు. విషం చేరిందని తెలిసిన గింజను దాణా వ్యాపారానికి పంపకుండా పక్కకు తీసేయాలి. నష్టం వస్తుంది. ఆ నష్టాన్ని భరించినవాడికి ప్రతిఫలం ఇచ్చేవాడు అల్లాహ్.

దైవప్రవక్త (స) మనకు ఒక గొప్ప శుభవార్త ఇచ్చారు. ఒక ముస్లిం చెట్టు నాటినా, పంట వేసినా, దాని నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని పేర దానంగా రాయబడుతుంది (బుఖారీ). ఎంతటి సులువైన పుణ్యం! రైతు నిద్రపోతున్నా అతని చేనులో వాలిన పిట్ట అతని ఖాతాలో పుణ్యం జమచేస్తూ ఉంటుంది. అదే చేను నీరు తాగిన కప్ప సంతానం లేకుండా పోతే, అదే చేను గింజ తిన్న గేదె గొడ్డుబోతయితే ఆ ఖాతాలో ఏం జమ అవుతుంది? ఆ లెక్క మనమే వేసుకోవాలి.

ఆనాడు ధాన్యపు రాశిలో చేయిపెట్టి తడిని పట్టుకున్న ఆ పవిత్ర హస్తం నేడు మన మధ్య లేదు. కాని ఆయన నేర్పిన అలవాటు మనకుంది. మనం పెట్టే ప్రతి తొట్టెలో ముందు మన చేయి పెట్టి చూడాలి. అడుగున తడి తగిలితే, నోరులేని ఆ ప్రాణి తరఫున మనమే అడగాలి: ఇదేమిటని.

మా ప్రభూ! మాకు ధర్మసమ్మతమైన, పరిశుద్ధమైన ఉపాధిని ప్రసాదించు. మా చేతి కింద ఉంచిన మూగజీవుల విషయంలో మాకు నీ భయాన్ని కలిగించు. తెలిసి చేసినదాన్నీ, తెలియక చేసినదాన్నీ క్షమించు. నీవు నిలిపిన త్రాసును మా చేతులతో వంచకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.